కొంగకాడ దిగేవాళ్లు

కోరుట్ల నుంచి వచ్చే బస్సు సిరిసిల్లలోకి తిరగగానే కండక్టరమ్మ లేచి నిలబడి అరిచింది.

"కొంగ, కొంగ! కొంగకాడ దిగేటోళ్లు ముంగటికి రాండ్రి. బస్సు కదిలినంక ఆపుమంటె ఆపం!"

ఏడుగురం దిగాం. ఒకామె దిగుతూనే ఫోన్ చెవికి పెట్టి "కొంగకాడున్న, బండి తీస్కొని రా" అంది. మిగతావాళ్లు తలో దిక్కు నడిచారు. అక్కడ కొంగ లేదు. పదమూడు నెలలుగా లేదు. రోడ్డు వెడల్పయింది, మధ్యలో ఒక గుండ్రటి చోటు మాత్రం చుట్టుపక్కలకంటే అర అంగుళం ఎత్తుగా ఉంటుంది. చుట్టూ తారు కుంగినా అది కుంగలేదు. బైకులు దాని మీదికి రాగానే చిన్నగా ఎగిరిపడతాయి. దాని కింద ఐదడుగుల కాంక్రీటు ఉంది. నాకు తెలుసు, ఆ లెక్క నాదే.

ఆ కొంగను చేసిన మనిషి పదకొండో రోజు కర్మకు నేను పోతున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు కొంగ లేని కొంగ చౌరస్తా వింతగా ఉండవచ్చు. కానీ ఈ ఊళ్లో కొంగ ఇంకా అన్నిచోట్లా ఉంది. ఆటోల వెనక అద్దాల మీద ఉంది. డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద, బడిపిల్లల జేబుల మీద, మిర్చి బజ్జీలు కట్టిచ్చే కాగితం సంచుల మీద ఉంది. ఆ రోజు బస్టాపు నుంచి వాళ్ల ఇంటికి పోయేలోపు పద్నాలుగు కొంగలు కనిపించాయి. అన్నీ ఒంటికాలి మీదే నిలబడి ఉన్నాయి.

అసలుది పన్నెండడుగుల ఇనుప కొంగ. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు మడిచి మోకాలికి ఆనించి ఉండేది. మోకాలి చిప్ప ఒక పళ్ల చక్రం. రెక్కల నిండా మగ్గంలో పోగును అటూ ఇటూ మోసి అరిగిపోయిన నాడెలు, ఈకల్లా ఒకదాని మీద ఒకటి. తలకు తుండుగుడ్డ చుట్టినట్టు ఇనుప జాలీ. ముక్కున నూలు చుట్టే కండె ఒకటి, ఆ కండె నుంచి గాలికి ఊగే నీలం తీగ. మెడ చాచి వేములవాడ రోడ్డు వైపు చూస్తూ ఉండేది. ఆర్టీసీ బస్సు ఆలస్యమైతే జనం "గది సుత బస్సు కోసమే సూస్తున్నది, మనకంటె ముందుగాల్ల అచ్చింది" అని నవ్వుకునేవాళ్లు.

దాని కింద చేసినవాడి పేరు లేదు. పేరు చెక్కిస్తామని ఎవరో అంటే ఆయన నా వైపు తిరిగి, "పేరు బరువు నీ లెక్కల ఏసినవా తమ్మీ? ఎయ్యలే గద. ఇంకేంది, వద్దు" అన్నాడు. అందుకే నేను కూడా ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆయన పని సాంచాలు బాగుచేయడం. ఆగిపోయిన సాంచె దగ్గరికి రాగానే పానా తీసేవాడు కాదు. అరచెయ్యి దాని పక్కకు ఆనించి, జ్వరం వచ్చినవాళ్ల నుదురు చూసినట్టు కాసేపు ఊరికే నిలబడేవాడు. తర్వాత చొక్కా జేబులో నుంచి ఒక కండె తీసేవాడు. దానికి చుట్టిన నూలుపోగుతో కొలతలు తీసేవాడు. కొలిచిన చోట ముడి. మళ్లీ కొలిచి ఇంకో ముడి. టేపు ఇస్తే తీసుకునేవాడు కాదు.

"గా టేపు మీద అంకెలుంటయి తమ్మీ. అంకెను సూస్తె సామాను సూడబుద్ధి కాదు."

అంకెలు తప్ప ఇంకేమీ తెలియని నాకు ఈ మాట చెప్పాడు. పదో తరగతి లెక్కల్లోనే తప్పి, ఐదేళ్లు ఆయన తిరిగే షెడ్డులోనే సాంచాల మీద పనిచేసి, కోరుట్ల బయట లారీలు తూచే కాంటా మీద కుదిరినవాణ్ణి నేను. బండికీ బండికీ మధ్య పాత పుస్తకాలు ముందు పెట్టుకుని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు కథలాపూర్ దాకా గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, బావికి ఎన్ని గజాలు తవ్వాలో నన్నే అడుగుతారు.

సాంచాలు నడిచే షెడ్డులో మనిషి గొంతు వినబడదు. అక్కడ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి పెడితే చాయ్. లేని మీసం దువ్వితే సేటు వస్తున్నాడని. ఆ మోతలో నలభై ఏళ్లు గడిపిన ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. పరామర్శకు పోయినా అరిచినట్టే ఉండేది. కొంగ నిలబడ్డ వారం కొండగట్టుకు పోయాం. అందరూ కళ్లు మూసుకుని లోలోపల మొక్కుకుంటుంటే ఆయన మొక్కు వరస మొత్తం విన్నది.

"అంజన్నా! జెర్ర కొంగ మీద కన్నెయ్యి! ఒక్క కాలే పెట్టిన!"

వెనక ఉన్న ఒకాయన "ఎవలి కాలు తాతా? ఎప్పుడు తీసేసిన్రు?" అని జాలిగా అడిగాడు. ఈయన బస్సు ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఒంటికాలు ఎందుకని నేనూ అడిగాను. నన్ను షెడ్డు గుమ్మం దగ్గరికి తీసుకుపోయి లోపల పనిచేస్తున్నవాళ్లను చూపించాడు. పన్నెండు గంటలు నిలబడే పని. ఒక్కొక్కరు ఒక పాదం ఎత్తి రెండో కాలి పిక్కకు ఆనించి నిలబడి ఉన్నారు. కాసేపటికి కాలు మార్చారు.

"ఐదేండ్లు నువ్వు సుత గట్లనే నిలబడ్డవు. యాదికి లేదా?"

నాకు గుర్తులేదు. ఐదేళ్లలో నేసిన మీటర్లు మాత్రం గుర్తున్నాయి.

అప్పటికే షెడ్లు మూతపడుతున్నాయి. సాంచాలను పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. తాను బాగుచేసిన సాంచె ఏదైనా తూకానికి పోతోందని తెలిస్తే ఆయన పోయి దాని నుంచి ఒక్క ముక్క అడిగి తెచ్చుకునేవాడు. అట్లా ఇంటి వెనక నూట తొంభై ఆరు ముక్కలు పోగయ్యాయి. వాటితోనే కొంగ.

గుంత ఎంత తవ్వాలో చెప్పమని నా దగ్గరికి వచ్చాడు. బరువు తెలియకుండా చెప్పలేనన్నాను. మూడు ఆదివారాలు ఆయన పెరట్లో కూర్చుని చిన్న కాంటా మీద ఒక్కో ముక్కా తూచాం. నేను అంకె రాసుకునేవాణ్ణి. ఆయన ముక్కను చేతిలో తిప్పుతూ దాని సంగతి చెప్పేవాడు.

"గిది బాయికాడి షెడ్డుది. ఒక్కనాడు పోగు తెంపలే. బంగారం. గిది మొండిది, రోజు తిట్లు తిన్నంకనే నడిచేది. గిది... గిది నడిపినాయన పోయిండు తమ్మీ. సాంచె కాడనే పోయిండు. రాసుకో, ఎంతచ్చింది?"

"రెండు కిలోల నాలుగు వందలు."

"గంతేనా?" అన్నాడు.

అడుగు పలకతో కలిపి మొత్తం ఆరు వందల ముప్పై ఎనిమిది కిలోలు. అందులో కాలి కింద బోల్టులు బిగించే అడుగు పలక పద్దెనిమిది. నేను గాలి తోపు లెక్కగట్టి, ఒంటికాలు కాబట్టి ఇంకొంత కలిపి, ఐదడుగుల గుంత కావాలన్నాను. ఆయన పోగు తీసి, కొంగ ఎత్తు కొలిచిన ముడి దగ్గర పట్టుకుని, దాన్ని నాలుగు మడతలు వేసి నా ముందు వేలాడదీశాడు.

"మూడడుగులు సాలు."

"చాలదు అన్నా. గాలివానకు పడితే కింద మనుషులుంటారు."

"మూడైతె రేపు ఎన్నడన్న తియ్యాల్నన్నా వస్తది. ఐదు పోస్తె అది ఆడికే."

"తీసేదెందుకు?"

ఆయన పోగును మళ్లీ కండెకు చుట్టుకుని "సరే, సదువుకున్నోనివి" అన్నాడు. నన్ను అట్లా అన్నది జీవితంలో ఆయనొక్కడే.

ఐదడుగులు పోశారు. తొమ్మిదేళ్లు ఏ గాలికీ కొంగ కదల్లేదు. పెళ్లి ఫొటోలు అక్కడే, క్రికెట్ గెలిచినవాళ్ల ఫొటోలు అక్కడే. ఫొటో దిగేటప్పుడు అందరూ ఒకే పని చేసేవాళ్లు. మోచెయ్యి పైకెత్తి, మణికట్టు ముందుకు వంచి, ఐదు వేళ్లు ముక్కులా కూర్చేవాళ్లు. ఆ సైగ మొదట షెడ్డులో ఆయనది. కొంగ పని ఎంతవరకు వచ్చిందని పనివాళ్లు అవతల నుంచి అడిగితే అట్లా చెయ్యెత్తి, రెండో చేత్తో ఎంతవరకు అయిందో చూపించేవాడు. ఊరు మొత్తం నేర్చుకుంది.

జగిత్యాల నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చి తమ చౌరస్తాలో ఇంతకంటే పెద్ద కొంగ కావాలన్నాడు. ఈయన ఎదురు అడిగాడు.

"మీ ఊళ్లె సాంచాలున్నయా?"

"సాంచాలెందుకు? ఇనుము మేము తెప్పిస్తం."

"ఇనుముతోని కొంగ కాదు సారూ. మీకు మామిడికాయలు మంచిగుంటయి, పెద్ద మామిడికాయ చేపిచ్చుకోండ్రి. బిడ్డనిచ్చిన ఊరు, కాదంటలేను. కని కొంగ రాదు."

కారు పోయాక నా వైపు చూసి కొంగ సైగ చేసి, దానికి రెండు వేళ్లతో మీసం దువ్వాడు. సేటు కొంగ.

ఇంతవరకు రాయడం తేలికే. ఇక్కడి నుంచి ప్రతి వాక్యం దగ్గరా ఆగుతున్నాను.

ఆయన కంటి ఆపరేషన్‌కు జగిత్యాలలో బిడ్డ దగ్గరికి పోయి పది రోజులున్నాడు. ఆ పది రోజుల్లోనే రోడ్డు పని పట్టుకున్న కాంట్రాక్టరు మనుషులు కొంగ దగ్గరికి వచ్చారు. క్రేను కట్టి లాగారట. మూడడుగుల పునాది అయితే పెళ్లగించి నిలువునా తీసేవాళ్లు. ఐదడుగులది కదల్లేదు. సాయంత్రం దాకా చూసి, గ్యాస్ కట్టరుతో అడుగు పలక పైన కాలు కోసేశారు. తర్వాత బండిలో పట్టేటట్టు మిగతాదీ కోశారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు ముందు తెలిసింది అంకె.

కొంగను కోసిన మరునాడు, పగలు మూడు దాటింది. నా కాంటా మీదికి ఒక చిన్న ట్రాలీ వచ్చింది. మీద తాడ్పత్రి గట్టిగా కట్టి ఉంది. వెనక మూల నుంచి పళ్ల చక్రం అంచు ఒకటి కనిపించింది. సిరిసిల్ల నుంచి పళ్ల చక్రాలు రోజూ వస్తూనే ఉంటాయి. రెండు వేల రెండు వందల నలభై. బండి అరకిలోమీటరు అవతల పాత ఇనుము దుకాణంలో దించి ఖాళీగా తిరిగి వచ్చింది. పదహారు వందల ఇరవై. చిట్టీ మీద సరుకు బరువు ఆరు వందల ఇరవై అని పడింది. నేను సంతకం పెట్టి డ్రైవరుకు ఇచ్చాను. ఆ డ్రైవరు నా మొహం చూడకుండా తీసుకున్నాడు.

అర నిమిషం తర్వాత లేచి నిలబడ్డాను. ఆరు వందల ముప్పై ఎనిమిదిలో నుంచి పద్దెనిమిది తీస్తే ఎంతో నాకు కాగితం అక్కర్లేదు.

కాంటా ముందు నాలుగు బండ్లు ఉన్నాయి. మక్కల ట్రాక్టర్లు రెండు, పసుపు బస్తాలది ఒకటి, కంకరది ఒకటి. కాంటా ఆపి దుకాణానికి పోయి రావడానికి పావుగంట చాలు. నేను కూర్చుని నాలుగు బండ్లూ తూచాను. వాటి వెనక ఇంకో మూడు వచ్చాయి. అవీ తూచాను. ఆరున్నరకు పోతే అక్కడ మెడ ఏదో రెక్క ఏదో తెలియలేదు. నాడెలు విడిగా కుప్ప పోసి ఉన్నాయి. జాలీ తలపాగా కాలితో తొక్కి చదును చేశారు. నేను ఏమీ అడగలేదు, ఏమీ తెచ్చుకోలేదు. నాలుగు గంటలకే పోయి అడిగితే ముక్కలైనా ఇచ్చేవాళ్లు. ముక్కలుంటే ఆయన మళ్లీ అతికేవాడు. నూట తొంభై ఆరింటిలో ఏది ఎక్కడిదో ఆయన చేతులకు తెలుసు.

జగిత్యాల నుంచి తిరిగి వచ్చాక ఆయన నాలుగుసార్లు నా కాంటా దగ్గరికి వచ్చాడు.

మొదటిసారి లోపల ఎవరో ఉంటే అద్దం బయటే నిలబడ్డాడు. నల్ల కళ్లద్దాలు ఇంకా తీయలేదు. కొంగ సైగ చేశాడు. రెండో అరచెయ్యి తెరిచి అటూ ఇటూ తిప్పాడు. కొంగ ఎక్కడ? నేను అరచెయ్యి అడ్డంగా ఊపాను. తెలియదు. ఆ అబద్ధం నేను నోటితో చెప్పలేదు, షెడ్డులో ఆయన దగ్గరే నేర్చుకున్న భాషలో చెప్పాను.

రెండోసారి, మూడోసారి ఊరికే వచ్చాడు. చాయ్ తాగాడు. బండ్లు కాంటా ఎక్కి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. "గీ కాంటా మీదికి అన్ని రకాల బండ్లు అస్తయి గద తమ్మీ" అన్నాడు ఒకసారి. వస్తాయన్నాను. అంతే. పోయేటప్పుడు మెట్ల మీద ఆగి నా వైపు చూశాడు. నేను చిట్టీల కట్ట సర్దుకున్నాను.

ఈరోజు చెప్పలేదు కాబట్టి రేపు చెప్పడం ఇంకొంచెం కష్టం. రేపు కూడా చెప్పకపోతే ఎల్లుండి దానికి రెండింతలు. ఈ లెక్క ఎట్లా పెరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నాలుగోసారి జేబులో నుంచి కండె తీసి బల్ల మీద పెట్టాడు.

"కొంగ మున్సిపాలిటోళ్ల షెడ్డుల భద్రంగ ఉన్నదట తమ్మీ. రోడ్డయినంక మళ్ల నిలబెడుతరట. జాగ చిన్నగుంటదట. గుంతకు లెక్క కట్టియ్యి."

నేను కాగితం తీసుకున్నాను. ఆ పని ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. చేయడానికి ఒక లెక్క దొరికింది కాబట్టి చేశాను.

"బరువెంత ఏస్తున్నవు?" అన్నాడు.

"ఆరు వందల ముప్పై ఎనిమిది. అప్పటిదే."

"అడుగు పలక ఆడనే పాయె గద. ఆరు వందల ఇరవై ఎయ్యి."

నా చెయ్యి ఆగింది. అన్నేళ్లలో ఆయన నోట ఒక బరువును అంకెగా వినడం అదే మొదటిసారి. ఐదు కిలోలకూ ఏడు కిలోలకూ తేడాను చేత్తో చెప్పేవాడు తప్ప అంకె అనేవాడు కాదు. తలెత్తి చూడాల్సింది. చూడలేదు. ఆరు వందల ఇరవై వేసి, గాలి తోపు, జాగ వెడల్పు అన్నీ వేసి, కింద గీత గీసి ఇచ్చాను.

"ఈసారి ఎన్ని అడుగులు?"

"మూడు."

పెద్దగా నవ్వాడు, షెడ్డు నవ్వు. "నేను గప్పుడే చెప్పిన." కాగితాన్ని నాలుగు మడతలు వేసి కండెతో పాటు జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆయన గొంతుకు రాదనుకున్న మెల్లని మాటతో అన్నాడు.

"నీ లెక్క ఎన్నడు తప్పది తమ్మీ."

తర్వాత రాలేదు. తిండి మానేశాడని, షెడ్ల వైపు పోవడం లేదని, సాంచె ఆగితే పిలిచినా లేవడం లేదని విన్నాను. వారం వారం పోవాలనుకున్నాను.

కర్మ అయ్యి అందరూ తిని లేచాక ఆయన భార్య, మా వదిన, నన్ను లోపలికి పిలిచింది. గోడ గూట్లో ఆయన కండె ఉంది. పోగు నిండా ముడులు. దాని కింద నా మూడడుగుల కాగితం ఉంది. కాగితం మడతలో ఇంకొకటి ఉంది. వదిన దాన్ని తీసి నా చేతిలో పెట్టింది.

"గిది నీ కాంటదే గద తమ్మీ?"

ఆరు వందల ఇరవై. కింద నా సంతకం.

"ఎక్కడిది వదినా?"

"ట్రాలీ తోలినాయన మన వాడకట్టాయనే. మేము జగిత్యాల నుంచి అచ్చిన నాడే అచ్చి, గీ గడప మీద కూసొని ఏడ్సిండు. నాకేం తెలువకుండె తాతా, కట్టిచ్చిన్రు తీస్కపోయిన అన్నడు. చిట్టీ ఇచ్చి పోయిండు."

వచ్చిన నాడే. అంటే నా దగ్గరికి వచ్చిన మొదటి రోజు కంటే ముందు. అద్దం బయట చెయ్యెత్తి కొంగ ఎక్కడ అని అడిగిన రోజు కంటే ముందు.

నా మొహంలో ఏం కనిపించిందో, వదిన కొంగుతో కళ్లు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది.

"నీ మీద కోపం లేకుండె తమ్మీ. నేను తిడితె నన్నే గదిరిచ్చేది. నాలుగు మాట్ల అచ్చిండు గద నీ దగ్గెరికి. బస్సెక్కేటప్పుడల్ల ఒకటే మాట, 'ఇయ్యాల చెప్తడే' అనేది. 'ఆడు చెప్తె ఇద్దరం ఏడుస్తం, బరువు దిగుతది' అనేది. నాలుగో మాటు అచ్చినంక ఇగ ఏం అనలే."

చిట్టీని మళ్లీ కాగితంలో పెట్టి గూట్లో ఉంచాను. అది నాది కాదు.

చౌరస్తాకు నడిచి వచ్చాను. పద్నాలుగు కొంగలూ దారిలో అట్లాగే ఉన్నాయి. ఈసారి లెక్కపెట్టలేదు, అంకె ముందే తెలుసు. బైకులు గుండ్రటి చోటు దగ్గరికి వచ్చి ఎగిరిపడి పోతున్నాయి. దాని పక్కనే నలుగురు బస్సు కోసం వేములవాడ రోడ్డు వైపు మెడలు చాచి చూస్తున్నారు. అందులో ఒకాయన పాదం ఎత్తి పిక్కకు ఆనించుకుని ఉన్నాడు.

బస్సు వచ్చింది. పొద్దున వచ్చిన కండక్టరమ్మే. సీట్ల మధ్య నుంచి టికెట్లు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"యాడ ఎక్కినవ్ సార్?"

చెప్పడానికి నోరు తెరిచాను.

"సార్, యాడ ఎక్కినవ్?"

మోచెయ్యి పైకెత్తి, మణికట్టు వంచి, ఐదు వేళ్లూ కూర్చాను.

ఆమెకు అర్థమైంది. టికెట్ కొట్టి నా ఎత్తిన చేతిలో పెట్టి ముందుకు పోయింది.